నల్ల రిబ్బన్లు

వారపత్రికలో వచ్చే బొమ్మల కథ ‘మంచు రేవు’ ఆఖరి భాగం వచ్చిన రోజు, జపాన్‌లోని సెండాయ్ ఊళ్ళో ఒక కాఫీ కొట్టులో అభిమానులంతా చేరారు. చావింటికి వచ్చినట్టు చేతులకు నల్ల రిబ్బన్లు కట్టుకొచ్చారు.

“మన కథ గొంతు కోసేశారు ఆ పత్రికవాళ్ళు,” అన్నాడు షిగెకి కళ్ళు తుడుచుకుంటూ.

“కార్డులు రాలేదట,” అంది చినమి.

ప్రతి వారం పత్రికలో ఒక కార్డు ఉంటుంది. పాఠకులు తమకు నచ్చిన మూడు కథలకు గుర్తు పెట్టి పంపాలి. గుర్తులు పడని కథను ఆపేస్తారు.

“రాకపోవడమేంటి? నేను ఒక్క వారం కూడా మానలేదు.”

“మన కథకే పెట్టావా?”

షిగెకి కప్పులోకి చూశాడు. “మనదానికేం ఢోకా లేదు, మీరంతా పెడతారు కదా అనుకున్నా. పాపం, కొత్తగా మొదలైనవి ఎక్కడ ఆగిపోతాయోనని మూడు గుర్తులూ వాటికే పెట్టాను.”

ఎవరో ఒకరు తిడతారని ఎదురుచూశాడు. అందరూ తమ తమ కప్పుల్లోకే చూస్తున్నారు.

“మరి నువ్వు, చినమీ?” అని అడిగాడు.

చినమి తల వంచుకుని చేతికున్న నల్ల రిబ్బను ముడి విప్పింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే విప్పడం మొదలుపెట్టారు.