ఖర్జూరం చెట్టు వేషం

స్వామి రెండు చేతులూ కావ్య నడుము పట్టి పైకి లేపిన ప్రతిసారీ భోజన్న కడుపులో ఎంత మంట లేచేదంటే, సౌదీలోని ఆ హుఫూఫ్ ఊరి ఏసీలన్నీ ఒక్కచోట పెట్టినా చల్లారేది కాదు.

అది బ్యాలే రిహార్సల్. నేర్పేది ఇంజనీర్ రామప్రసాద్. కంపెనీ లేబర్ క్యాంపులో ఉండే స్వామి రాకుమారుడు. ఆస్పత్రి నర్సు కావ్య హంస. స్వామి గదిలోనే ఉండే భోజన్న, వెనకాల నిలబడే ఖర్జూరం చెట్టు.

"బ్యాలేలో మగాడి పని ఒకటేనయ్యా స్వామీ," అన్నాడు రామప్రసాద్. "ఎత్తాలి, తిప్పాలి, పడకుండా దించాలి. జనం హంసనే చూడాలి. నువ్వొట్టి స్తంభానివి."

"స్తంభానికి గంత నవ్వెందుకు సార్?" అంది ఖర్జూరం చెట్టు.

"నువ్వు ఊగకు భోజన్నా!"

సౌదీవాళ్లకి ఇన్ని ఉద్యోగాలివ్వాలనే నితాఖాత్ లెక్కలో కంపెనీ రెడ్‌లో పడింది. భోజన్న ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్, రెన్యువల్ కాలేదు. శనివారం ఎగ్జిట్, ఇక ఊరికే. ప్రోగ్రాం శుక్రవారం. అంటే ఇదే ఆఖరి బ్యాలే. అందులో తను చెట్టు.

అన్నం మానేశాడు. పూటకో సగం ఖుబ్జు రొట్టె, అంతే. కొత్తగా పెంచిన మీసం కూడా నీరసంతో వాలిపోయింది.

"ఏమైందిరా, గిట్ల సన్నగైతున్నవ్?" అడిగాడు స్వామి.

"నీకెందుకు? నీకు హంస దొరికె గదా."

స్వామి నవ్వాడు. "ఏమన్నా అనుగానీ, గాలి లెక్క ఎంత అల్కగుంటదిరా ఆ పిల్ల!"

ఆ మాటకి భోజన్న చేతిలోని సగం ఖుబ్జు కూడా పక్కన పెట్టేశాడు.

గురువారం కావ్యని పక్కకి పిలిచాడు.

"సిస్టర్, ఎవ్వలకు చెప్పకు. స్వామికి భుజం పట్టేసింది. మొన్న సైటుల సిమెంటు బస్తా ఎత్తి, నడిమిట్ల ఇడిశిపెట్టిండు."

"అయ్యో! ఏమైంది?"

భోజన్న తల దించుకున్నాడు. "బస్తా బతకలే."

శుక్రవారం పొద్దున్నే కావ్య ఫోన్ చేసింది. అర్జెంటు డ్యూటీ పడిందట, రావడం కుదరదట. రామప్రసాద్ తల పట్టుకుని కూలబడ్డాడు.

"సాయంత్రానికి జనం వచ్చేస్తారు. ప్రోగ్రాం ఎత్తేయడమే."

భోజన్న ఖర్జూరం మట్టలు కింద పడేసి, గదికెళ్లి మీసం నున్నగా గీసుకుని, ఆడవాళ్లు స్టేజీ ఎక్కడానికి వీల్లేని రోజుల్లో, నిరుటి దాకా, ఏటేటా వేసుకుని స్వామి చేతుల మీద తను హంసై లేచిన తెల్ల గౌనుని, ఊరికని సర్దేసిన సూట్‌కేసు అడుగు నుంచి బయటికి లాగాడు.