ఆఖరున వదిలిన పడవ

“మమ్మల్ని ఎప్పుడు రిలీజ్ చేస్తారండి?”

పొద్దుటి నుంచి మరియదాసుది అదే మాట.

డిప్యూటీ తహసీల్దారు రాజ్యలక్ష్మికి ఒళ్ళు మండింది.

కృష్ణ పొంగి కృష్ణలంక పల్లపు వీధులన్నీ మునిగాయి. మేడల మీద ఇంకా జనం ఉన్నారు. వాళ్ళను గట్టుకు చేర్చడానికే అవనిగడ్డ దిగువన ఉన్న ఒక లంక ఊరి నుంచి నాలుగు మోటారు పడవల్ని, నడిపే మనుషులతో సహా, లారీల మీద తెప్పించారు. ఆ పడవవాళ్ళకు పెద్ద మరియదాసు.

“ఇంతమందిని నీళ్ళలో వదిలేసి పోతానంటావేంటయ్యా?” అంది.

అతను పడవలో చేరిన నీళ్ళు తోడిపోసి మళ్ళీ వీధిలోకి తిప్పాడు.

అడగడం మానలేదు, పనీ మానలేదు. నడవలేని ముసలివాళ్ళను వీపున మోసి దించాడు. మేకను వదిలి రానన్న అవ్వను మేకతో సహా తెచ్చాడు. గట్టుకు రాగానే మళ్ళీ అదే ప్రశ్న.

కారణం రాజ్యలక్ష్మికి తెలియక కాదు. బ్యారేజి గేట్లన్నీ ఎత్తేశారు. ఇక్కడి నీళ్ళు వెళ్ళి పడేది ఆ లంకల మీదే. అరువిచ్చిన ఊరికే ముంపు వస్తే పడవల్ని వెంటనే వదిలేయాలన్నది రెండు డివిజన్ల మధ్య ఒప్పందం. ఆ మాట ఆమె నోటి నుంచి రావాలి. చెప్పేస్తే తన చేతిలో ఒక్క పడవా మిగలదు. ఆర్మీ పడవలు వస్తున్నాయంటున్నారు కానీ ఇంకా జాడ లేదు.

చెప్పకుండా పోదామని తోటివాళ్ళు మరియదాసు మీద ఒత్తిడి తెచ్చారు. అతనిచ్చిన జవాబు ఆమె చెవిన పడింది.

“మేడం గారు వదలందే కదిలేది లేదు. ఇట్టా మధ్యలో పోతే, రేపు ఏ ఊరోడు ఇంకో ఊరికి పడవిస్తాడు?”

మధ్యాహ్నం అవనిగడ్డ నుంచి ఫోనొచ్చింది. లంకలోకి నీళ్ళు ఎక్కుతున్నాయి.

ఇక రాజ్యలక్ష్మి ఆగలేదు. మరియదాసును పిలిచి, నాలుగు పడవలూ తీసుకుని బయల్దేరమంది.

పడవల్ని లారీలకు ఎక్కిస్తుండగా, ఆటోనగర్‌లో మెకానిక్కుగా చేసే నిసార్ అహ్మద్ మొలలోతు నీళ్ళలో పడుతూ లేస్తూ గట్టెక్కాడు. ఆయన కూతురు షహనాజ్ నిండు నెలల మనిషి. నొప్పులు మొదలయ్యాయి. ఇంటి మెట్ల దాకా నీళ్ళే. ఆ వడిలో ఆమెను ఎత్తుకుని రావడం మనిషి తరం కాదు.

మరియదాసు లారీల వైపు చూశాడు. వీధి వైపు చూశాడు.

“మూడు పంపించండి. నాది ఉంచండి.”

“మరి మీ ఊరు?”

“మాది చిన్న ఊరేనండి. మూడు చాలు.”

ఇంటి దగ్గర అతని కోసం ఎదురుచూసే వాళ్ళెవరూ లేరు కాబోలు, ఇంతసేపటి తొందరా తోటివాళ్ళ కోసమే కాబోలు అనుకుంది రాజ్యలక్ష్మి. మనసు కాస్త తేలికపడింది.

షహనాజ్‌ను పరుపుతో సహా పడవలోకి దించారు. సగం దారిలో చెత్త చుట్టుకుని ఇంజను ఆగిపోయింది. మరియదాసు నీళ్ళలోకి దూకి తాడు భుజానేసుకున్నాడు. వెనక నుంచి నిసార్ నెట్టాడు. అలాగే గట్టుకు చేర్చారు. ఆస్పత్రిలో షహనాజ్‌కు ఆడపిల్ల పుట్టింది.

చీకటి పడబోతుండగా ఆర్మీ పడవలొచ్చాయి. అప్పుడు గానీ మరియదాసు కదల్లేదు. పాడైన ఇంజను నిసార్ దగ్గరే ఉండిపోయింది.

వరద తీశాక నిసార్ దాన్ని బాగుచేశాడు. ఎవరి చేతికో ఇచ్చి పంపడానికి మాత్రం ఒప్పుకోలేదు. ఆ మనిషి చేతిలోనే పెట్టాలన్నాడు. రాజ్యలక్ష్మి కూడా బయల్దేరింది. ఆ రోజు వదలడానికి అంత ఆలస్యం చేసినందుకు అతనికి తను చెప్పాల్సిన మాట ఒకటుంది.

లంకలో కరకట్ట మీద ఒకావిడ తడిసిన వడ్లు ఆరబోస్తోంది.

“మరియదాసు గారున్నారామ్మా?” అని అడిగింది రాజ్యలక్ష్మి.

లేడట. కింది లంకలో పశువులకు మేత చేరవేయడానికి పడవ కావాలంటే తోటివాళ్ళ పడవ తీసుకుని పొద్దున్నే వెళ్ళాడట. ఎప్పుడొస్తాడో తెలియదంది.

నిసార్ ఇంజను కింద పెట్టి, మనవరాలి సంగతి చెప్పాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. తల్లీ పిల్లా బాగున్నారా అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

ఆ రోజు ఊరెలా గట్టెక్కిందని రాజ్యలక్ష్మి అడిగింది. ప్రాణనష్టం లేదని చెప్పిందావిడ. మూడు పడవలే ఊరంతా మోశాయి. అన్నిటికంటే పల్లంలో ఉన్న ఇంటి కప్పు మీద మాత్రం ఒక తల్లి, ఇద్దరాడపిల్లలు పొద్దుగూకేదాకా కూర్చునే ఉన్నారు. పడవ వచ్చినప్పుడల్లా ఆ తల్లి పక్కింటి ముసలివాళ్ళనీ, ఎదురింటి పసివాళ్ళనీ చూపించి ముందు వాళ్ళను ఎక్కించమంది. ఊరంతా ఖాళీ అయ్యాకే పిల్లలతో ఎక్కింది.

“అంతసేపు భయం వెయ్యలేదా ఆవిడకి?”

“వేసిందండి. కానీ నాలుగో పడవ రాలేదంటే, అక్కడెవరో మాకంటే లోతులో ఉన్నారని తెలిసిపోయింది” అంది, తలెత్తి, మరియదాసు భార్య తెరేసమ్మ.