దాసన్న వేసిన ముళ్లు

"తియ్యప్పా చెయ్యి!" అని బసమ్మ కసిరేసరికి దాసన్న ఉలిక్కిపడ్డాడు.

పొద్దున అతని మేకలు, ఆమె వీధి పొడుగునా సాగదీసి కట్టిన చీర పడుగులోకి దూకి నూలు పోగులు తెంపేశాయి. కోడుమూరు చర్చికి సంఘపెద్ద అయిన దాసన్న అప్పటినుంచీ ఎండలో మోకాళ్ల మీద కూర్చుని, తెగిన పోగులకు ముడులు వేస్తున్నాడు.

"తప్పు నాదక్కా. నేనే సరిచేయాల."

"నువ్వేసేటివి ముడులు కాదప్పా, ముళ్లు. మగ్గంలో ఒక్కటీ దూరదు. అన్నీ ఇప్పి మళ్లా నేనే అతకాల. నీ ప్రాయశ్చిత్తం నా పానం మీదికొచ్చింది."

"మరి నేనేం చేయాల?"

"ఆ నీడన కూసోని టీ తాగు."

"నష్టమూ నీదే, పనీ నీదేనా? ఇదేం న్యాయమక్కా!"

బసమ్మ నవ్వింది. "ఆదివారమొస్తే మైకులో అరిచేది నువ్వే కదప్పా? మన తప్పు మనం కడుక్కోలేము, ఆయనే మోసినాడు, ఊరికే తీసుకోండని! వీధంతా ఇంటాండాము. నీకు మాత్రం ఇనపడల్యా?"

బసమ్మ వేళ్లకు బూడిద అద్దుకుని, తెగిన రెండు కొసలను కలిపి మెలిపెట్టింది. తెగిన చోటు ఎక్కడో కూడా కనబడలేదు.

అతను నీడలోకి వెళ్లి, ఆమె పోసి పెట్టిన టీ గ్లాసు అందుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ తీసుకోండని చెప్పినవాడికి, ఆ టీ గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది.

"చక్కెర సాలిందా?" అంది బసమ్మ, పోగుల మీదనుంచి తలెత్తకుండానే.

"శానా ఎక్కువైందక్కా," అన్నాడు దాసన్న.