పాత రేవులో పిలుపు

నాలుగు కుటుంబాలు రెల్లు కొట్టి లంకలో కట్టుకున్న ఊరది. గోదారి వైనతేయ పాయ ఏటేటా ఒడ్డు కోసుకుంటూ వచ్చి ఊరంతా మింగేస్తే, మిగిలినవాళ్ళు గట్టుకివతల ఇప్పటి ఊరు కట్టుకున్నారు. పుష్కరాలకి ఊరి చరిత్ర అచ్చు వేయిస్తున్న కామేశ్వరరావు మాస్టారు మాత్రం ఆ సంగతి రాయనన్నారు. చదువుకున్నవాళ్ళకి కాగితం లేనిది ఊరే కాదు.

"ఆధారం లేదండీ మామ్మగారూ. రేపు ప్రెస్సుకిచ్చేస్తున్నాను."

"కాగితాలు మునిగిపోయేయండీ, మేం ఈదుకొచ్చేం," అంది సత్యనారాయణమ్మ. పాత ఊళ్ళో పుట్టినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. "రాత్రి జాతరకి రండి."

తలల మీద అమ్మవారి గరగ కుండలు వీధులన్నీ తిరిగి, ఈలలతో కేరింతలతో రేవుకి చేరాయి. ఆనవాయితీగా డప్పులు ఆగాయి. సత్యనారాయణమ్మ నీళ్ళవైపు తిరిగి పాత ఇళ్ళని ఇంటిపేర్లతో పిలిచింది.

"యాళ్ళోరండీ."

ఏటా ఎవరూ పలకరు. ఈసారి చీకట్లోంచి "ఆయ్" అని వినపడింది. ఏటి మీద పడవ కూడా లేదు.

"రుద్రోరండీ."

"ఆయ్."

"మట్టపర్తోరండీ."

"ఆయ్."

మాస్టారు మూడు పేర్లూ అరచేతి మీద రాసుకున్నారు. ఆవిడ ముఖం పెళ్ళిపందిరిలా వెలిగిపోతోంది.

"నాలుగో ఇల్లెవరిదండీ?"

"మా పుట్టిల్లేనండీ. సొంత ఇంటిని మనం పిలుచుకోకూడదు. వాళ్ళే పిలవాలి."

నీళ్ళ మీంచి ఎంతో మర్యాదగా "బొంతోరండీ" అని వినపడింది.

సత్యనారాయణమ్మ పమిట సర్దుకుని, నవ్వుతూ "ఆయ్" అంది.

గట్టు మీద డప్పులు ఇంకా ఆగే ఉన్నాయి. నీళ్ళ అడుగున మొదలయ్యాయి.