ఐదో నంబరు ఫోల్డరు

"కారంపూడి నుంచి వచ్చాను బాబూ. నా బ్లాగు తెరిస్తే మీ షాపు పేజీ వస్తోంది."

షఫీక్ మొదట ఆ పెద్దాయన చెప్పులు చూశాడు. మనిషిని చెప్పుల్ని బట్టి అంచనా వేసే రకం అతను. కూర్చోమనలేదు.

పైగా ఆరోజు తల వేడెక్కి ఉంది. నరసరావుపేటలో అతనిది వెబ్‌సైట్ల షాపు. ఒకే సర్వర్లో ఏడు ఫోల్డర్లు, ఫోల్డరుకొక బ్లాగు. తప్పు అడ్రసు కొట్టినవాళ్లు షాపు పేజీకి రావాలని, అన్నిటికీ పైనున్న ఫోల్డర్లో పొద్దున ఒక రూలు రాశాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది. ఏ బ్లాగులో ఏ పేజీ తెరిచినా షాపు పేజీయే! సాయంత్రానికి బాగవకపోతే వేరే షాపు చూసుకుంటామని ఒకటే ఫోన్లు.

"మీది ఏ నంబరు ఫోల్డరు?"

"ఐదు."

"అదా? ఎవరూ చూట్టం లేదని పోయిన వారం తీసేశా. జాగా చాల్లేదు."

పెద్దాయన కౌంటరు అంచు పట్టుకున్నాడు.

"కాపీ ఉందా?"

"లేదు. మీ దగ్గర లేదా ఏంది?"

"మా కంప్యూటర్ ఎప్పుడో పోయింది. ఇక్కడ భద్రంగా ఉందిలే అనుకున్నా."

మళ్లీ ఫోను మోగింది. షఫీక్ విసుక్కుంటుంటే పెద్దాయన స్క్రీను వైపు వంగి చూశాడు.

"పై రూలే అందర్నీ లాగేసుకుంటోంది. ఏ ఫోల్డరు రూలు ఆ ఫోల్డర్లోనే రాయి. ఎవరి గడప వాళ్లకుండాలి."

"నాకు నేర్పొద్దు పెద్దాయనా! మీ బస్సు పోద్ది, పొండి."

పెద్దాయన మెట్లు దిగి వెళ్లిపోయాడు.

నాలుగైంది. ఏ కిటుకూ పనిచేయలేదు. చివరికి షఫీక్ సొరుగు అడుగు నుంచి పాత కాగితాలు తీశాడు. షాపు పాత ఓనరు ఖాదర్ వలి ఎప్పుడో ప్రింటు తీసిచ్చిన తెలుగు పాఠాలవి. ఇంగ్లీషు అంతగా రాని షఫీక్ పని నేర్చుకున్నది వాటితోనే. రాసిందెవరో అడగాలని ఏనాడూ తోచలేదు.

మూడో కాగితంలో దొరికింది: 'ఎవరి గడప వాళ్లకుండాలి.'

అందులో ఉన్నట్టే ఫోల్డరుకొక రూలు రాశాడు. మిగిలిన ఆరు బ్లాగులూ లేచి కూర్చున్నాయి.

షఫీక్ మాత్రం సిగ్గుతో చచ్చిపోయాడు. పెద్దాయన చెప్పిన మాటే, అక్షరం పొల్లుపోలేదు. కనీసం పేరైనా అడగలేదు తను.

కాగితం చేతిలో పట్టుకునే బస్టాండుకి పరుగెత్తాడు. కారంపూడి బస్సు ఎప్పుడో వెళ్లిపోయింది.

అక్కడే బెంచీ మీద కూలబడి, రాసినవాళ్ల పేరుందేమోనని కాగితమంతా వెతికాడు.

పేరు లేదు. అట్టడుగున సన్నటి అక్షరాల్లో ప్రింటు తీసిన పేజీ అడ్రసు మాత్రం ఉంది: తన షాపు సర్వరే, ఐదో నంబరు ఫోల్డరు.