ప్రార్థన చేసిన గోలీ

“గిట్ల ఉత్తగ ఇస్తే నేను మింగ,” అంటూ ముత్తక్క గోలీల షీటును మందుల షాపు కౌంటర్ మీద వెనక్కి తోసేసింది.

మహిమకు ఏం చేయాలో పాలుపోలేదు. అది మూర్ఛ మందు. పోయినసారి ఇచ్చింది కూడా మింగకుండా దాచిపెట్టిందట. నిన్న పొయ్యి ముందే పడిపోయింది, మోచెయ్యి కాలి బొబ్బలెక్కింది. మళ్లీ పడితే ఏమవుతుందో ఫార్మసీ చదివిన మహిమకు ఒకరు చెప్పక్కర్లేదు.

“మా నాన్న ఇచ్చిన మందే గదా ముత్తక్కా!”

“మందు అదేనమ్మా,” అన్నాడు ఆమె భర్త జంపయ్య. “సారు ప్రార్థన చేసి ఇచ్చేటోడు. షీటు రెండు చేతులతో పట్టుకొని, మొఖం కాడికి తెచ్చుకొని, తల వంచి, లోపల్లోపల ఏందో అనేటోడు. మా గూడెమంతా ఎరుకే.”

“మీరు చర్చికి రారు గదా?”

“మా వేల్పు మాకుంది. అయినా జోజి సారు అడిగితే ఏ దేవుడు కాదంటడు?” అంది ముత్తక్క.

నిజమే, జోజి అలాంటి మనిషే. పొద్దున్నే ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయనిదే టీ ముట్టేవాడు కాదు. కూతురు తిన్నదో లేదో అడగనిదే కంచం ముందు కూర్చునేవాడు కాదు. వాగు పొంగితే మందుల సంచి నెత్తిన పెట్టుకుని తానే గూడేనికి దాటేవాడు. జూలూరుపాడులో ఆయన్ని పల్లెత్తు మాట అన్నవాళ్లు లేరు. ఆ మనిషి మంచం పడితే మహిమ రాత్రింబవళ్లు దేవుణ్ణి వేడుకుంది. పోయిన నెల ఆయన్ని సమాధి చేసి వచ్చాక మళ్లీ మోకరించలేదు. దేవుడితో ఆమెకు మాటల్లేవు.

ఊరికే పెదవులు కదిపితే పోలా అనుకుంది. కానీ తండ్రి కుర్చీలో కూర్చుని నాటకమాడడానికి మనసొప్పలేదు.

“పా, పోదాం,” ముత్తక్క లేచింది.

“ఆగు!”

మహిమ షీటు రెండు చేతుల్లోకి తీసుకుని తల వంచింది. ‘ప్రభువా, నీ మీద కోపం ఇంకా పోలేదు. అయినా అడుగుతున్నా. ఈమెను మళ్లీ పడనీయకు.’ కళ్లు నిండిపోయాయి.

ముత్తక్క అక్కడే నీళ్లడిగి గోలీ మింగింది. “ఇగ జల్దీ తగ్గుతది,” అని మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లింది.

మహిమ తల వంచినప్పుడే అన్నం క్యారియర్‌తో వచ్చిన తల్లి సంపూర్ణ గుమ్మంలోనే నిలబడిపోయి ఉంది.

“మళ్ల ప్రార్థన చేస్తున్నవా బిడ్డా?”

మహిమ జరిగిందంతా చెప్పింది. “ఇగ అందరికీ గట్లనే ఇస్తనమ్మా. ఇన్నేళ్లు కౌంటర్ల నాన్న పక్కనే కూసున్నవు గదా, ఏమని ప్రార్థన చేసేటోడు?”

సంపూర్ణ కూతురి ముఖంలోకి చూసింది. భర్త పోయాక మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లొత్తుకుంది.

“మీ నాన్న చదివేది ఎక్స్‌పైరీ డేటు బిడ్డా!”