తొమ్మిది గంటల గేటు

"తాళంచెవి ఇవ్వనన్నానుగా. ఎన్నిసార్లు అడిగినా అదే మాట."

ఖాళీ గదిలో ఉన్న ఒకే ఒక్క కుర్చీని ఆక్రమించుకుని వార్డెనమ్మ అంది. ఆమె ఏ హాస్టల్లోనూ ఏనాడూ పనిచేయలేదు. యూనివర్సిటీ వెనక గేటుకు ఎదురుగా ఉన్న తన ఇంటి పై అంతస్తును చదువుకునే ఆడవాళ్లకు అద్దెకిస్తుంది, అంతే. రాత్రి తొమ్మిది కాగానే తానే స్వయంగా వీధి గేటుకు తాళం బిగిస్తుంది కనుక అద్దెకున్నవాళ్లు ఆ పేరు తగిలించారు. అద్దె మాటలు పెద్దవాళ్లతోనే తప్ప చదువుకునే పిల్లలతో మాట్లాడకపోవడం ఆమె పద్ధతి. అందుకే ఎదురుగా నిలబడ్డ తల్లీకూతుళ్లలో తల్లి వైపే చూస్తోంది.

"లా మొదటి సంవత్సరమండీ," అంది తల్లి, గొంతు అదుపులో పెట్టుకుంటూ. "ఆ లావుపాటి పుస్తకాలు ఇంటికివ్వరు. లైబ్రరీలోనే కూర్చుని చదవాలి. అది పదకొండు దాకా తెరిచి ఉంటుంది. మీరు తొమ్మిదికే గేటు మూసేస్తే ఇక చదువు సాగినట్టే."

"పగలు చదువుకోవచ్చు."

"పగలు క్లాసులుంటాయి."

"తెల్లవారుజామున లేచి చదివితే బాగా ఎక్కుతుంది."

"అయితే తెల్లవారుజామున తెరవమని ఆ లైబ్రరీవాళ్లకు మీరే చెప్పి పుణ్యం కట్టుకోండి."

ఈలోగా కూతురు కిటికీ గడియ లాగి చూసింది. బాత్రూమ్ తలుపు ఒకసారి వేసి తీసింది. గోడకు చెమ్మ ఉందేమోనని అరచేయి ఆనించి చూసింది. "గది బాగుందమ్మా. గాలి కూడా వస్తోంది. ఇంకెక్కడికీ వద్దు, ఇదే ఖాయం చేసేద్దాం."

"నువ్వు ఖాయం చేస్తే సరిపోతుందా? బజారు వీధిలో చూశాంగా. మెట్లు బయటినుంచి ఉన్నాయి. ఎవరినీ తలుపు తీయమని బతిమాలక్కర్లేదు."

బజారు వీధి మాట వినగానే వార్డెనమ్మకు ఒళ్లు మండింది. "డిపో వెనకాల ఉందే, అదా? పగలంతా వెల్డింగ్ షాపుల మోత, పొద్దుపోతే తాగుబోతుల మోత. అక్కడ ఆడవాళ్లు ఉంటారా అసలు?"

"ఉంటున్నారు. పక్క గదిలో ఒక నర్సు ఉంది. నైట్ డ్యూటీ చేసి తెల్లారాక వస్తుంది. ఆవిణ్ని ఇంతవరకూ ఎవరూ ఎత్తుకుపోలేదు."

"అమ్మా, పంతానికి పోకు," అంది కూతురు. "ఆ మెట్ల మీద లైటు కూడా లేదు. కావాలంటే కొత్త కాలనీలో గది మళ్లీ అడుగుదాం."

"అడిగి? అక్కడికి ఆఖరి బస్సు ఎనిమిదింటికే. ఇక్కడ గేటు కట్టేస్తుంది, అక్కడ బస్సు కట్టేస్తుంది."

వార్డెనమ్మ ఇక ఆగలేకపోయింది. "తల్లివై ఉండి ఇవేం మాటలమ్మా? రాత్రి పదకొండింటికి రోడ్డు మీద నడిచి రావడమేమిటి? మీ ఇంట్లో మగవాళ్లు దీనికి ఒప్పుకున్నారా?"

"నేను అడగలేదు."

"అడగకుండానే?"

"తల్లిని కాబట్టే ఇన్నాళ్లు ఆగాను. ఇంక ఆగను."

గదుల కోసం తిరిగి తిరిగి విసిగిపోయిన మనిషి మాట అనుకుంది వార్డెనమ్మ. ఆమె కోపానికి ఒక క్రమం ఉంది. తల్లి అదుపు తప్పితే పిల్ల దారి తప్పుతుంది. పిల్ల దారి తప్పితే ఆ నింద తల్లి మీద కాక ఇల్లు అద్దెకిచ్చినవాళ్ల మీద పడుతుంది. ఆ నింద పడకూడదనే ఇన్నేళ్లుగా గేటు దగ్గర కాపలా కాస్తోంది. ఇప్పుడీ తల్లి వచ్చి ఆ కాపలానే తప్పంటోంది. ఇక ఈవిడతో లాభం లేదనుకుని, తన పద్ధతిని మొదటిసారి పక్కనపెట్టి, కుర్చీని కూతురి వైపు తిప్పుకుంది.

"నువ్వు చెప్పమ్మా, మొహమాటపడకు. తాళంచెవి ఇమ్మంటావా, గేటు మూయమంటావా?"

"మూయండి," అంది కూతురు తడుముకోకుండా. "ఎనిమిదిన్నరకే మూసినా నాకు సంతోషమే. తాళంచెవి మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి."

తల్లి ముఖం కందగడ్డయింది. "మీ నాన్న ఒక్కడు చాలడని నువ్వూ తయారయ్యావా? పద, బజారు వీధికి."

"నేను రాను. నువ్వూ వెళ్లడానికి వీల్లేదు. నాకు నిద్ర పట్టొద్దా?"

"విన్నారా?" వార్డెనమ్మ విజయగర్వంతో లేచి నిలబడింది. "మీ కడుపున పుట్టిన పిల్లకున్న ఇంగితం మీకు లేకపోయింది. ఆ డిపో వెనక్కి ఎవరూ పోనక్కర్లేదు. అడ్వాన్సు కూడా నాకొద్దు." కూతురి భుజం మీద చెయ్యి వేసింది. "నువ్వేం భయపడకు తల్లీ, నిన్ను నేను కనిపెట్టుకుని ఉంటాను. నీ సామాను ఎప్పుడు తెచ్చుకుంటావో చెప్పు."

కూతురు తెల్లబోయి తల్లి వైపు చూసింది. తల్లి చేతులు కట్టుకుని, "చెప్పు," అంది.

"నా సామాను ఎందుకండీ? రేపు నాకు ఆఫీసుంది, ఈ సాయంత్రం రైలుకే వెళ్లిపోతాను. ఇక్కడుండి చదువుకునేది మా అమ్మ."